ఉప్పు లెక్క

థార్న్‌లీ బ్రిగ్‌లో చలికాలమంటే రోడ్ల మీద ఉప్పు.
కౌన్సిల్ లారీ రాత్రి రెండింటికి వచ్చి
నిద్రపోయేవాళ్ల కలల మీద కూడా కాస్త చల్లి పోతుంది.
తెల్లారేసరికి బూట్ల అంచున తెల్లటి గీత.
యార్క్‌షైర్ కొండల్లో ఎవరూ పట్టించుకోని ఆ గీతను
డెనీస్ హెప్‌వర్త్ పట్టించుకుంది.

తీగ లాగితే డొంక కదిలిందనడం తేలిక.
ఆమె లాగింది రసీదులు,
మూడు చలికాలాలవి, నాలుగు అట్టపెట్టెలు,
ఎలుకలు ముందే కొంత చదివేసినవి.
ఒక పక్క ఉప్పు బిల్లులు,
ఒక పక్క రాత్రి ఉష్ణోగ్రతలు.
ఎదురు బల్ల దగ్గర నేను, మరణ ప్రకటనలు దిద్దుకుంటూ.
"ఇది విను" అంది.
"ఫిబ్రవరి పద్నాలుగు. తొమ్మిది డిగ్రీలు, కోటు విప్పేంత వెచ్చన.
నలభై టన్నులు చల్లారట.
చల్లింది ఆర్థర్ స్ట్రింగర్ అట.
ఆ రాత్రి ఆర్థర్ ఆస్పత్రిలో
పిత్తాశయం తీయించుకుంటున్నాడు."

పడీ పడీ నవ్వాం.
తర్వాత ఆ ఏటి జనవరి కాగితం చేతికొచ్చింది.
చర్చి వాలు, ఉప్పు పడని మలుపు,
మా పేపరే వేసే కుర్రాడు, సైకిలు, రాతిగోడ.
వాడి ప్రకటనా నేనే దిద్దాను. వయసు దగ్గర
పదహారా పదిహేడా అని వాళ్లమ్మకి ఫోన్ చేసి మరీ.

ఓ సాయంత్రం మా సామెత చెప్పాను,
ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని.
"మళ్లీ చెప్పు" అని పసుపు చీటీ మీద రాసుకుంది.
ఆనాటి నుంచి కౌన్సిల్ సమావేశాల్లో
ఆమె చెవి మాటల మీద, కన్ను గ్లాసుల మీద.
నోట్‌బుక్ అంచున వంకర అక్షరాలు:
రోడ్ల కమిటీ అధ్యక్షుడు, నీళ్లు, ఏడూ నలభై రెండు.
ఖాతాలు చూసే ఆయన, రెండుసార్లు, ఏడూ యాభై.

కథ అచ్చయింది. ముగ్గురు రాజీనామా, ఒకడు జైలు.
మాకో బహుమతి వచ్చింది, గాజుది, బరువైనది.
ఆరు నెలలకి పేపరు వారపత్రికైంది,
ఆఫీసు పందేల దుకాణం పై గదిలోకి ఎక్కింది,
డెనీస్ జీతం మాత్రం మెట్లెక్కలేదు.

"కిటికీలోంచి చూసింది చాలు" అంది పెట్టె సర్దుకుంటూ.
ఏ పార్టీ రంగూ లేని కరపత్రాలు, మోకాళ్ల నొప్పి,
కుక్కలున్న గుమ్మాలు, కుక్కల్లా మొరిగే గుమ్మాలు.
అరవై ఒక్క ఓట్లతో గెలిచింది.
రెండేళ్లకి కౌన్సిల్ లీడర్.
ఆమె కుర్చీ నాకొచ్చింది, కుంటి చక్రంతో సహా.

మొన్న సోమవారం అదే చర్చి వాలులో
బస్సు జారింది. ఎవరూ పోలేదు.
డ్రైవరు భుజం ఎముక, ఒక ముసలమ్మ కళ్లద్దాలు.
రోడ్డు మీద వేలు రాసి నాలుక్కి తాకించి చూశాను.
చప్పగా ఉంది.

నిన్న రాత్రి కౌన్సిల్ హాల్లో లేచి నిలబడ్డాను.
గోదాంలో ఉప్పు ఎంత ఉంది?
వేసవిలో కొత్త కాంట్రాక్టు మీద సంతకం ఎవరిది?
"వివరాలు తెప్పిస్తాను" అంది డెనీస్.
పదకొండేళ్లు ఎర్ర సిరాతో
ఆమె గీత గీస్తూ వచ్చిన వాక్యం.

ఆమెకీ వినపడినట్టుంది.
గ్లాసు వైపు సాగిన చెయ్యి
అంచును తాకి ఆగింది.
నన్ను చూసింది, నా వెనక గోడ గడియారాన్ని చూసింది.
తర్వాత గ్లాసెత్తి తాగింది,
దాహమైన మనిషిలా, అడుగు కనపడేదాకా.

నేను రాసుకునేవరకూ చూపు తిప్పలేదు.